తలుపు తీయడానికొచ్చినవాడు

"తలుపు తీయడానికొచ్చానండీ," బెల్ నొక్కి చెప్పాడతను.

"మా తలుపు మేం తీసుకుంటాం. మీరెవరో చెప్పండి చాలు," అని లోపలి నుంచి జవాబొచ్చింది.

అతనిది పాత తలుపులు కొని అమ్మే కొట్టు. తలుపు తీయడమంటే అతని లెక్కలో బందుల నుంచి ఊడదీసి బండెక్కించడం. ఆ మాట మిగతా జనానికి ఇంకోలా వినబడుతుందని ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

రెండుసార్లు గుంజితే గానీ తలుపు తెరుచుకోలేదు. ఎదురుగా ఒకమ్మాయి. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం. షాపు కార్డు ఇంకా మెడలోనే ఉంది. ఆమెను చూడగానే అతను చెప్పాల్సిన మాట కాస్తా మర్చిపోయాడు.

"తీయడమంటే... ఊడదీయడమండీ. ఎంత పలుకుతుందో చూడమని మీ నాన్నగారు ఫోన్ చేశారు."

ఆమె మొహం ముడుచుకుంది. వెనక నుంచి నాన్న మాత్రం హుషారుగా వచ్చాడు.

"రా బాబూ! దీన్ని వదిలించుకుని, వేలు పెడితే తెరుచుకునే స్టీలు తలుపు పెట్టిస్తున్నా."

అతను అంచులు తడిమాడు. వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గాడు. ఆమె పక్కనే నిలబడి వంకలు చూపించసాగింది.

"ఇదిగో, పురుగు తొలిచింది."

"అది పాత మేకు కన్నమండీ."

"కింద పగులు."

"కలప చార."

"వానొస్తే బిగుసుకుపోతుంది. తెలుసా?"

"అమ్మేవాళ్ళు ఇలా మాట్లాడరండీ. అసలు మీరు ఎవరి వైపు?"

"తలుపు వైపు! అయినా మీ చూపు తలుపు మీద ఉంటేగా. షాపుకి రండి, పరీక్ష చేస్తాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అంతలో పెద్ద వాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందని నాన్న తలుపు వేశాడు. కాసేపటికి అతను వెళ్దామని లాగితే తలుపు కదల్లేదు. నాన్న ఓ పట్టు పట్టాడు. ఊహూఁ.

అమ్మ అందరికీ టీ తెచ్చింది. "కూర్చో బాబూ. పెళ్ళైన కొత్తలో ఈయన మీద అలిగి పెట్టె సర్దుకున్నాను. బయట వాన. తలుపు రాదే! ఇద్దరం కలిసి గుంజీ గుంజీ, చివరికి నవ్వొచ్చేసింది. పెట్టె విప్పేశాను."

"అది తెరుచుకుని ఉంటే నేనుండేదాన్నే కాదు," అందామె మెల్లగా.

"కబుర్లకేం గానీ, ఎంతొస్తుంది?" అన్నాడు నాన్న.

ఆమె అతని వైపు చూసింది. ఈసారి ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతోంది. పనికిరాదని ఒక్క మాటంటే తలుపు ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ అబద్ధం అతని నోట రాలేదు.

"మేలురకం టేకు సార్. మంచి రేటే వస్తుంది. కాకపోతే ఓ అంచు చిత్రిక పట్టాలి. ఇక బిగుసుకోదు."

ఆమె గబుక్కున లేచి లోపలికి వెళ్ళిపోయింది. అతనికి టీ చేదెక్కింది.

కలప ఆరాక, ఓ ఆదివారం సామాన్ల సంచితో వచ్చి అంచు చిత్రిక పట్టాడు. తలుపు ఒక్క వేలితో కదిలింది. నాన్న తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

"భేష్! ఇప్పుడు రేటు చెప్పు."

"ఇప్పుడు అమ్మడం దేనికి సార్? ఇదీ వేలు పెడితే తెరుచుకుంటోందిగా."

నాన్న తన వేలినీ తలుపునీ చూసుకుని పకపకా నవ్వాడు. "కొనడానికొచ్చి అమ్మొద్దంటావేంటయ్యా? నీ కొట్టు ఎలా నడుస్తోంది?"

"కుంటుతోంది సార్."

నాన్న నవ్వుకుంటూ వెళ్ళి పేపరు పట్టుకున్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె వచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఆ రోజే పనికిరాదని చెప్పేస్తే పోయేదిగా? నన్ను ఏడిపించడం దేనికి?"

"కలప గురించి అబద్ధమాడితే, మీరంటే ఇష్టమని చెప్పినప్పుడు కూడా మీరు నమ్మరు కదండీ."

నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. సంచి భుజాన వేసుకున్నాడు. "వస్తానండీ. కాస్త తలుపు తీస్తారా?"

"రావట్లేదు."

"నేనే చిత్రిక పట్టాను కదండీ!"

"బిగుసుకుపోయిందన్నానుగా."

గాలికి తలుపు తోసుకొచ్చి, జల్లు ఆమె భుజాన్ని తడిపింది. ఆమె మడమతో దాన్ని వెనక్కి నెట్టింది. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

"వాన తగ్గేదాకా ఆ తలుపు రాదులే బాబూ!" వంటింట్లోంచి కేకేసింది అమ్మ. "టీ పెడుతున్నాను."

"అవునవును, గట్టిగా బిగుసుకుంది," అన్నాడు నాన్న పేపరు చాటు నుంచి.

అతను సంచి కింద పెట్టి కూర్చున్నాడు.