తోక తెస్తే గుర్రం వెల

అమెరికాలో ఎడారి ఊరు చాండ్లర్‌లో దామోదర్, రాధారాణి దంపతులు ఇల్లు కొనుక్కుని పది నెలలయింది. 1984, జులై నెల. కొత్త కాలనీలో చివరి వరస ఇల్లు. వెనక గోడ అవతల పత్తి చేను, చేను దాటితే డాట్ అనే ఆవిడ గుర్రాలశాల. దామోదర్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. రాధారాణి పొద్దున్నే దీపం పెట్టుకుని, సహస్రనామం చదువుకుని, తొమ్మిదేళ్ళ కూతురు మీనాకి జడ వేసేది. నడుం దాటిన జడ. ఆ దేశంలో అంత జుట్టు పెంచడం మాటలు కాదు.

పెనుకొండ నుంచి అత్తగారు శేషమ్మ వచ్చి మూడు వారాలు. ఆవిడ పెట్టెలో ఊరగాయ జాడీలతో పాటు వెండి పిడి ఉన్న వింజామర ఒకటి వచ్చింది. మూరెడు పైన పొడవున్న తెల్లటి వెంట్రుకలు. సాయంత్రం హారతయ్యాక దానితో స్వామికి విసరడం ఆవిడ నియమం.

అది దేవుడి గూట్లోకి చేరినప్పటి నుంచీ ఇంట్లో ఈగలు. కిటికీలన్నీ బిగించి, ఏసీ వేసి ఉన్న ఇల్లు. అయినా ఎక్కడి నుంచి వచ్చేవో, నేరుగా పోయి ఆ వెంట్రుకల మీదే వాలేవి.

"అమెరికాలో ఈగలుండవని మావాడు గొప్పలు పోయాడే," అనేది శేషమ్మ. "మీ ఈగలకి భక్తి ఎక్కువలా ఉంది."

ఆ శనివారం నాలుగింటికి మీనా బూట్లతో, నెత్తిన హెల్మెట్‌తో ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! నేను టుడే ట్రాట్ చేశాను! బ్యాక్ మీద, పట్టుకోకుండా!"

శేషమ్మ చేతిలో బియ్యప్పళ్ళెం ఆగిపోయింది. "పిల్ల దగ్గర ఆ వాసనేమిటే?"

"గుర్రాల వాసన అత్తయ్యా. రైడింగ్ నేర్చుకుంటోంది. నిన్నటిదాకా క్లాసులకి సెలవులు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మార్చి నుంచి."

"నన్నడగాలనిపించలేదా?"

"పిల్ల గుర్రం ఎక్కొచ్చా అని పెనుకొండకి ట్రంకు కాల్ చేయమంటారా?"

"చేయాలి. మన ఇంట్లో జట్కా కూడా ఎక్కరు. కొత్త పెళ్ళికూతుర్ని, స్టేషన్ నుంచి సామాన్ల జట్కా వెనకాలే నడిపించుకొచ్చారు నన్ను. పట్టుచీరతో, మే నెల ఎండలో."

"అది మీ చాదస్తం. నా పిల్ల నెత్తిన రుద్దకండి," అంది రాధారాణి. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మీనాని స్నానానికి పొమ్మని పంపేసింది.

నీళ్ళ చప్పుడు వినపడ్డాక శేషమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఇది మగవాళ్ళకి చెప్పరు. అత్త కోడలికి చెప్తుంది. ఆ వింజామర చమరీమృగానిది కాదు. గుర్రం తోక."

రాధారాణి పొయ్యి కట్టేసింది.

"విజయనగర రాయల కాలంలో మనవాళ్ళు గుర్రాల బేరగాళ్ళు. సముద్రం అవతలి హర్ముజు రేవు నుంచి ఓడల్లో తెచ్చేవాళ్ళు. యుద్ధాలకి ఎన్ని తెచ్చినా చాలేవి కావు. దారిలో చచ్చినా వర్తకుడు మునిగిపోకూడదని రాయలు మాటిచ్చాడట. చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చే వెలే ఇస్తానని."

"మంచి మాటే కదా."

"మంచివాళ్ళకి. ఒక ఏడు గాలి ఆగిపోయి మన వంశంవాడొకడి ఓడ నడిసముద్రంలో నిలిచిపోయింది. తాగే నీళ్ళు తక్కువ. గుర్రాలు నలభై. తోకకీ గుర్రానికీ వెల ఒకటే అయినప్పుడు వీటికి నీళ్ళు దండగ కదా అనుకున్నాడు మనవాడు."

"అంటే... బతికుండగానే..."

"బతికుండగానే. మొదలంటా కోసి, ఒక్కొక్కదాన్నే నీళ్ళలోకి తోశారు. మళ్ళీ గాలి లేచి ఓడ కదిలాక, ఒకటి మాత్రం ఓడ వెంట చాలా దూరం ఈదుకుంటూ వచ్చిందట. రాత్రంతా ఈదింది. పొద్దున చూస్తే లేదు. మిగతా తోకలకి వెల తెచ్చుకున్నా, దాని తోక రాయలకి చూపించడానికి ధైర్యం చాలలేదు. తెచ్చి దేవుడికిచ్చాడు."

"అలాంటిది తెచ్చి నా పూజగూట్లో పెట్టారా?"

"దేవుడి దగ్గర కాక దాన్నెక్కడ పెట్టను? తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా వదిలి రానా? గోడ అవతలే గుర్రాలున్నాయని నువ్వు నాకు చెప్పావా?"

అప్పుడు గమనించింది రాధారాణి. స్నానాలగదిలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. లోపల పిల్ల లేదు. పెరటి తలుపు తెరిచి ఉంది.

ఫోన్ మోగింది. డాట్. ఆవిడ గొంతు గాలిలో కొట్టుకుపోతోంది. "మీ అమ్మాయి మళ్ళీ వచ్చిందిక్కడికి. చివరి కొట్టంలో గుర్రానికి క్యారెట్ ఇస్తానంది. ఆ కొట్టం ఖాళీ అని చెప్పి ఇంటికి పొమ్మన్నాను. వచ్చిందా? తుఫాను వస్తోంది, నా గుర్రాలు శాలలోకి అడుగు పెట్టడం లేదు. పదకొండూ గేటుని తన్నుతున్నాయి, నేను వదిలి రాలేను..."

లైను తెగిపోయింది.

దక్షిణాన ఆకాశం లేదు. దాని చోట గోధుమరంగు గోడ ఒకటి, నేల నుంచి మబ్బుల దాకా, మెల్లగా నడిచి వస్తోంది. ఆ ఊళ్ళో ఇసుక తుఫానులు మామూలే. ఐదింటికే చీకటి పడింది. కరెంటు పోయింది. ఏసీ హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక వాసన ఇంట్లోకి వచ్చింది.

దుమ్ము వాసన కాదు. రాధారాణి బందరు పిల్ల. ఉప్పు, నాచు, నానిన మోకుతాడు, కుళ్ళిన చేప. సముద్రానికి నూట యాభై మైళ్ళకి పైగా దూరంలో ఉన్న ఎడారిలో... సముద్రం వాసన.

ఆమె గూట్లోంచి వింజామర లాక్కుంది. "వద్దే!" అని శేషమ్మ కొంగు పట్టుకుంది. విదిలించుకుని పరుగు తీసింది.

పత్తి చేలో దారి కనపడలేదు. ఇసుక కళ్ళలో, పళ్ళలో. చేతిలో వింజామర బరువెక్కుతోంది. తడిసిన బట్టలా. "గోవిందా... గోవిందా..." అనుకుంటూ తడుముకుంటూ వెళ్ళింది. చేతికి శాల తలుపు తగిలింది.

లోపల గాలి లేదు. ఖాళీ కొట్టాలు రెండు వైపులా. చివరి నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు.

టప్... టప్...

"మీనా?"

"అరవకమ్మా," అంది మీనా గుసగుసగా. "ఇది భయపడుతుంది."

చివరి కొట్టం సగం తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది పిల్ల. మొహంలో భయం లేదు. నిద్రలో ఉన్నట్టుంది.

"ఏది?"

"ఇది. ఫుల్ వెట్‌గా ఉంది. చాలా దూరం స్విమ్ చేసిందంట. కాళ్ళు నొప్పులంట."

"ఎవరు చెప్పారు నీకు?"

దగ్గరికి వెళ్తే కనపడింది. పిల్ల జడ వీపు మీద లేదు. సగం తలుపు మీదుగా, కొట్టం చీకట్లోకి, తాడులా బిగుసుకుని ఉంది. గాల్లో. అవతల ఏమీ లేదు. ఏమీ లేని ఆ చోటు నుంచి వేడి ఊపిరి వచ్చి రాధారాణి మొహానికి తగిలింది.

జడ ఇంకాస్త లాగబడింది. మీనా తల వెనక్కి వాలింది.

"ఇదిగో..." రాధారాణి వింజామర ముందుకు చాపింది. "నీదే. నీది నువ్వు తీసుకో. నా పిల్లని వదిలెయ్. నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్..."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చేతిలోంచి ఎవరో మెల్లగా, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నట్టు, దాన్ని తీసుకున్నారు. వెండి పిడి ఠంగుమని కింద పడింది.

జడ జారి పిల్ల వీపు మీద పడింది.

ఆమె మీనాని ఎత్తుకుని వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ఇల్లు చేరేసరికి గాలి తగ్గింది. గుమ్మంలోనే నిలబడి ఉంది శేషమ్మ.

"ఇచ్చేశాను అత్తయ్యా. వదిలేసింది. పీడా పోయింది."

"ఏమిచ్చావు?"

"తోక. ఇంకేముంది ఇవ్వడానికి?"

శేషమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "ఆనాడు మనవాడు తోక చూపించి గుర్రం వెల తెచ్చుకున్నాడు," అంది చాలా మెల్లగా. "నువ్వూ తోకే ఇచ్చి ప్రాణం తెచ్చుకున్నాననుకున్నావా, రాధా?"

"అశుభం మాట్లాడకండి. పిల్ల నా చేతుల్లో ఉంది. చూడండి, నిక్షేపంగా ఉంది."

నిజంగానే నిక్షేపంగా ఉంది. గీత పడలేదు. ఒళ్ళు తుడిస్తే తుడిపించుకుంది, పెరుగన్నం తింది, మంచమెక్కి పడుకుంది. దామోదర్ నైట్ షిఫ్టు నుంచి పొద్దున గానీ రాడు. రాధారాణి గది తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టి, తలుపుకే వీపు ఆనించి కూర్చుంది. కిటికీ బిగించే ఉంది. తెలిసిన స్తోత్రాలన్నీ చదివింది. తెల్లవారబోతుంటే, చదువుతూ చదువుతూనే కళ్ళు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి కర్టెన్ అంచున వెలుగు. వీపు వెనక తలుపు, దాని గడియ, రెండూ అలాగే ఉన్నాయి.

మంచం మీద మీనా లేదు.

గది మూల, గోడకి మొహం పెట్టి నిలబడి ఉంది. కదలడం లేదు. రాధారాణి మోకాళ్ళ మీద పాకుతూ దగ్గరికి వెళ్ళింది. పిల్ల కళ్ళు మూసి ఉన్నాయి. ఊపిరి నెమ్మదిగా, నిండుగా వస్తోంది. శాలలో గుర్రంలా నిలబడే నిద్రపోతోంది. ఎడమ కాలు కొంచెం మడిచి, వేలి కొస మాత్రం నేలకి ఆనించి, బరువంతా రెండో కాలి మీద వేసి...

పిల్ల వీపు మీద ఉప్పునీళ్ళ వాసన వేస్తున్న ముతక గొంగళి ఒకటి కప్పి ఉంది. జారిపోకుండా పొట్ట కిందుగా తాడు తిప్పి, శ్రద్ధగా ముడి వేసి ఉంది.

ఆ గొంగళి ఆ ఇంటిది కాదు.