టవర్ దగ్గర పెళ్లిచూపులు

ఒరేయ్, ఫోన్‌లో తల దూర్చినవాడా, నిన్నే! స్వైప్ చేస్తే నీకు దొరికేది బొటనవేలి నొప్పి ఒక్కటే. ఈ లక్ష్మీపతి అంకుల్ సంబంధం కుదిర్చితే ఎలా ఉంటుందో విను.

మన ప్లెయిన్స్‌బరో రామమోహన్ కూతురు వేద. ఉగాది పార్టీలో వాడు అందరి ముందూ ఒట్టేశాడు. "పెద్దవాళ్లు తెచ్చిన సంబంధమే చేస్తా. పిల్ల తనే వెతుక్కుంటే ఆ పెళ్లికి నేను రాను!"

సరిగ్గా ఆ వారమే మా పక్క అపార్ట్‌మెంట్ శ్రేయాస్ నన్ను పట్టుకున్నాడు.

"అంకుల్, నాకో సంబంధం చూడండి. మీకు తెలియనివాళ్లు లేరు కదా!"

ఆ మాటకి నేను గాల్లో తేలాను. వేద ఆదివారాలు నది ఒడ్డున మూతపడ్డ పాత ఓడల డాక్‌లో టూర్లు ఇస్తుంది. విక్టోరియా రాణి కాలం నాటి ఇటుక టవర్ ఒకటి అక్కడ ఇంకా నిలబడి ఉంది. ఆదివారం శ్రేయాస్‌ని కార్లో ఎక్కించుకున్నాను.

"ఈ వాటర్ ట్యాంక్ భలే ఉందండీ అను. పిల్ల పొంగిపోతుంది."

వాడు అలాగే అన్నాడు. సన్నటి వానలో వేద కళ్లు భగ్గుమన్నాయి.

"ఎక్స్‌క్యూజ్ మీ! ట్యాంకా? లోపల పెద్ద ఐరన్ వెయిట్ ఉంది. స్టీమ్ పంప్ వాటర్‌ని పుష్ చేస్తే అది పైకి వెళ్తుంది. కిందికి వచ్చేటప్పుడు వాటర్‌ని ప్రెస్ చేస్తుంది. ఆ ప్రెజర్‌తోనే ఇక్కడ క్రేన్స్ అన్నీ నడిచాయి!"

"అంటే ఆ వెయిట్ పైనే కూర్చుని ఎదురుచూసేదా?" అన్నాడు శ్రేయాస్.

"యా. ఎవరికైనా కావాలి అనేదాకా."

"పాపం, నాలాగే."

వేద నవ్వు ఆపుకోలేక నది వైపు తిరిగింది. ఉన్న ఒక్క గొడుగూ వాళ్ల చేతిలో పెట్టి, "రెస్ట్‌రూమ్ ఎక్కడమ్మా?" అంటూ నేను మాయమయ్యాను. కార్ చేరేసరికి తడిసి ముద్దయ్యాను. అయితేనేం, నా అంతటివాడు న్యూజెర్సీలో లేడనుకున్నాను.

సాయంత్రం ఛాతీ విరుచుకుని రామమోహన్ ఇంటికి వెళ్లాను.

"ఒరేయ్, పెద్దవాణ్ణి, మీ వేదకి సంబంధం తెచ్చాను!"

"ఉషా, తాంబూలం పట్రా," అన్నాడు వాడు, అబ్బాయి పేరైనా అడగకుండా.

ఉషమ్మ క్షణంలో పళ్లెం తెచ్చింది. తమలపాకులు, పళ్లు, పట్టుచీర. సోఫాలో ఎవరో పెద్ద జంట నాకు నమస్కారం పెట్టారు.

"వీళ్లెవరు?"

"శ్రేయాస్ అమ్మానాన్నలు. నిన్ననే మోరిస్‌విల్ నుంచి వచ్చారు."

"నిన్ననా?"

రామమోహన్ నా భుజం మీద చెయ్యేశాడు.

"పిల్లలు ఏడాదిగా ప్రేమించుకుంటున్నార్రా. నాకు తెలియక ఊళ్లో అందరి ముందూ ఒట్టేశాను. ఇప్పుడు మాట తప్పలేను, పెళ్లి ఆపలేను. మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి కదా! అందుకే అబ్బాయిని నీ మీదికి తోలింది నేనే."