అంకె లేని అక్షరం

"మా అమ్మమ్మ పేరులో ఈ డబ్బా ఏమిటండీ?"

కౌంటర్ అవతల ఒక అమ్మాయి. చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు. నివాస పత్రంలో 'షినో' అన్న పేరుకి 'షి' ఉంది గానీ, 'నో' ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రం కూర్చుంది. పురపాలక గుమాస్తా తగామి ఆ పత్రం మీదికి వంగి చూశాడు.

"అది ఇప్పుడెవరూ రాయని పాతకాలపు 'నో' అక్షరం అండీ. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక అంకెతో గుర్తుపడుతుంది. దీనికి అంకె లేదు."

"తొంభై ఏళ్ల మనిషి ఇంట్లో ఉంటే, మీ దగ్గర అంకె లేదా!"

ఆ అమ్మాయి సుమిరె. తగామి కంప్యూటర్ తెర మీది గళ్లలో చుక్క చుక్కగా ఆ అక్షరం గీసి, ఎవరూ వాడని అంకె ఒకటి దానికి కట్టబెట్టాడు.

మరుసటి మంగళవారం మళ్లీ వచ్చింది. "అమ్మమ్మ చూసింది. అక్షరం తోక వంకరట!"

సరిచేశాడు. పై వారం, "పొట్ట లావైందట!"

ఎంత గీసినా ముసలావిడకి నచ్చదేమిటో తగామికి అర్థం కాలేదు. మంగళవారం పొద్దున తను రెండుసార్లు తల దువ్వుకోవడం అసలే అర్థం కాలేదు. ముసలావిడకి నచ్చేస్తే సుమిరె ఇక రాదేమోనని మాత్రం భయం పట్టుకుంది.

ఐదో వారం సుమిరె మరో కాగితం చాపింది. "తప్పులుంటే చెప్పండి."

పెళ్లి నమోదు ఫారం! తగామి గుండె జారిపోయింది. వరసగా చదువుతూ సాక్షి సంతకం దగ్గర ఆగాడు. 'షినో.' ముసలి చేతి సిరా.

"ఇది... నేను మొదటి వారం గీసినట్టే ఉందే!"

"అవును. 'ఇది నేనే' అని అమ్మమ్మ ఆ రోజే ఆ పత్రాన్ని గోడకి అంటించుకుంది."

"మరి తోక?"

"వంక పెట్టకపోతే మళ్లీ రావడానికి నాకేం పని?"

తగామికి బుర్ర తిరిగిపోయింది. అలవాటు మాత్రం మాట్లాడింది. "వరుడి గడి ఖాళీగా ఉందండీ. ఇలా తీసుకోవడం కుదరదు."

"అందుకే మీ దగ్గరికి తెచ్చాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మనం కలిసి టీ కూడా తాగలేదు!"

"ఈ ఫారానికి గడువుందా?"

"లేదండీ."

"అయితే ముందు టీ. నచ్చకపోతే అమ్మమ్మకి మీరే చెప్పుకోండి."

తగామి 'భోజన విరామం' బోర్డు పెట్టేసి లేచాడు. అప్పటికి ఉదయం పదిన్నరే అయింది.