నిన్నటి బంతికి ఔట్

ఠంగ్!

చిన్న శబ్దమే. అయినా మహిమకు స్పష్టంగా వినబడింది. శివశంకర్ వేసిన బంతి బండ అంచుకు తగిలింది.

బేతంచెర్లలో ఆ పిల్లలకు వికెట్టు ఆ బండే. పాలిష్ ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన నాపరాయి ముక్క అది.

"ఔట్! అంపైర్, ఔటే గదా?" అని శివ గంతులేశాడు. వాడికి ఎవరూ బౌలింగ్ ఇవ్వరు. ఆ రోజు ఎంతో బతిమాలితే కెప్టెన్ నెహెమ్యా ఒక్క ఓవర్ ఇచ్చాడు.

బ్యాటింగ్ చేస్తున్న జీవిత, అంపైర్‌గా నిలబడ్డ మహిమ వైపు చూసింది. జీవిత రెండో టీముకు కెప్టెన్. ఆట మొదలవకముందే మహిమ చెవిలో ఒక మాట వేసింది. "నన్ను కాస్త చూసుకో మే. రేపు నిన్ను నా టీంలో ఏసుకుంటా."

టీములు పంచుకునేటప్పుడు పిల్లలు ఇద్దరిద్దరు జతగా వస్తారు. ఒకరు ఇటు, ఒకరు అటు. జత దొరకక చివరికి మిగిలేది ఎప్పుడూ మహిమే. మిగిలినవాళ్లే అంపైర్. పేరుకు అంపైర్ గానీ తాను ఆటలో అరటిపండేనని మహిమ బాధ.

"నాటౌట్," అంది.

"వికెట్ తీస్తానని బతిమాలుకుంటివి, యాడప్పా వికెట్టు? లారీ సప్పుడు ఇనుంటావులే," అని నెహెమ్యా బంతి లాక్కున్నాడు. "ఇంక నీకు బౌలింగ్ లేదు."

శివ పోట్లాడలేదు. "అంపైరే లేదన్నాక లేనట్లే. నాకే సరిగ్గా ఇనపళ్లేదేమో," అని పోయి బౌండరీ దగ్గర నిలబడ్డాడు.

తిట్టినా బాగుండేది. వాడు నమ్మేశాడు, పాపం! ఆ రాత్రి మహిమకు అన్నం సయించలేదు.

మరునాడు బడిలో ఇంగ్లిష్ చెప్పే కృపమణి టీచర్‌ను అడిగింది. "టీచర్, అంపైర్ అంటే ఏంది? మిగిలిపోయినోళ్లకు అంత పెద్ద పేరెందుకు?"

టీచర్ నవ్వింది. "అది నిజంగానే మిగిలినోళ్ల మాటే మహిమా. శానా ఏండ్ల కిందట ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. జత లేనివాడు అని అర్థం. ఇద్దరు తగువు పడితే, ఇద్దరికీ చెందని మూడో మనిషిని పిలిచి తీర్పు చెప్పమనేవాళ్లు."

"జత లేనోళ్లనే ఎందుకు టీచర్?"

"ఒక పక్కవాళ్లతో జత కడితే రెండో పక్కవాళ్లు ఎట్ల నమ్ముతారు?"

మహిమ తల వంచుకుంది. శివ నమ్మాడు కదా.

సాయంత్రం జీవిత మాట నిలబెట్టుకుంది. "రా మే, నా పక్కకు! ఈ పొద్దు శివ అంపైర్."

మహిమ ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన పిలుపు అది. కాళ్లు అటు కదిలాయి కూడా. అంతలో బండ దగ్గర శివ కనిపించాడు. చిన్న రాయితో బండ అంచును తట్టి వింటున్నాడు. మళ్లీ తట్టి మళ్లీ వింటున్నాడు.

మహిమ ఆగిపోయింది. అందరికీ వినబడేలా చెప్పింది. "శివా, నిన్న బంతి తగిలింది. నాకు ఇనపడింది. జీవిత టీంలో ఏసుకుంటాదని నాటౌట్ అంటి."

జీవిత మొహం మాడ్చుకుంది. "ఇంక నా టీంలోకి రావద్దు, పో!"

మహిమకు ఏడుపొచ్చింది. "రానులే. నేను అంపైర్‌గానే ఉంటా," అంది.

"నిజంగా సప్పుడొచ్చిందా?" శివ అడిగాడు.

"ఠంగ్ మని వచ్చింది."

శివ మొహం వెలిగిపోయింది. నెహెమ్యా బంతి తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

మహిమ కళ్లు తుడుచుకుని అంపైర్ నిలబడే చోటికి నడిచింది. అక్కడ నిలబడి, నిన్నటి బంతికి ఈరోజు వేలెత్తింది.