ఆపిన బండి

పళ్ళ డాక్టరమ్మ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. ముందు మంచినీళ్ళు అడిగింది. గ్లాసు ఖాళీ చేసి అప్పుడు ఏడ్చింది. డిటెక్టివ్ ఆమెను తనివితీరా ఏడవనిచ్చాడు. జనం ఆయన్ని భూతద్దం గారని పిలుస్తారు గానీ, ఆయన చేతిలో భూతద్దం చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఆయనకున్న పనిముట్లల్లా రెండు చెవులు. ఎదుటివాళ్ళు ఏ మాట వాడితే ఆ మాటే గుర్తుపెట్టుకుంటాడు. అందుకే ఆయనంటే అసిస్టెంటుకి వల్లమాలిన గురి. ఆ గురిని దాచుకోవడం మాత్రం అతనికి చేతకాదు.

జరిగింది ఇది. సోమవారం ఉదయం క్లినిక్ ముందు నుంచి ఆమె కారు మాయమైంది. తాళంచెవి దూర్చి తిప్పే పాతరకం బండి కాదది. రిమోట్ కీ బ్యాగులో ఉంటే తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే స్టార్టవుతుంది. అలాంటి కీలు రెండే ఉన్నాయి. ఒకటి ఆమె దగ్గర, రెండోది తమ్ముడి దగ్గర. తమ్ముడు క్లినిక్ వెనక గదిలో పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. కీ లేనిదే బండి గజం కదలదు కాబట్టి తీసింది బావమరిదేనని ఆమె భర్త తేల్చేశాడు. పోలీసులు అతన్ని పిలిచి పూటంతా కూర్చోబెట్టారు. బయటికొచ్చాక అతను తన కీ తెచ్చి అక్క బల్ల మీద పెట్టి, ఒక్క మాటైనా లేకుండా వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"బండి పోతే పోయిందండీ," అంది డాక్టరమ్మ. "వాణ్ణి ఎత్తుకు పెంచింది నేను. కీ పెట్టేటప్పుడు వాడు నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను. నువ్వు తీయలేదురా అని నోరారా అనలేకపోయాను. నిజం తేలేదాకా నాకు ముద్ద దిగదు."

ఆ ఉదయం ఏం చేశారో వరసగా చెప్పమన్నాడు డిటెక్టివ్.

"ఏముందండీ, రోజూలాగే బండి ఆపాను. రెండు చేతుల్లోనూ పళ్ళ అచ్చుల డబ్బాలు. మోచేత్తో కారు తలుపు నెట్టాను. బండి కుయ్ కుయ్‌మని కూసింది. లోపలికెళ్ళి బ్యాగు ఎక్స్‌రే గదిలో కొక్కేనికి తగిలించాను. మధ్యాహ్నం చూస్తే బండి లేదు."

"లాక్ చేశారా?"

"దూరంగా వెళ్తే దానంతటదే పడుతుంది కదండీ."

డిటెక్టివ్ గొడుగు తీసుకుని లేచాడు.

క్లినిక్‌లో డాక్టరమ్మ భర్త ఎదురొచ్చాడు. ఇనప సామాన్ల కొట్టు నడిపే మనిషి, చెడ్డవాడు కాదు, తొందర మనిషి. బావమరిది తన కీలో బ్యాటరీ అయిపోయిందని సాకు చెబుతున్నాడని కోప్పడ్డాడు. అసిస్టెంటు మొహం వెలిగిపోయింది. బ్యాటరీ లేకపోతే అతను నిర్దోషే కదా అని డిటెక్టివ్ చెవిలో ఊదాడు.

"తొందరపడకు," అన్నాడు డిటెక్టివ్. "బ్యాటరీ పోయిన కీలో కూడా మామూలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది, దాంతో తలుపు తీయొచ్చు. కీని స్టార్ట్ బటన్‌కి ఆనిస్తే లోపలి చిప్‌ని బండి గుర్తుపడుతుంది."

అసిస్టెంటు ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయింది. భర్త ఇంకో అనుమానం తీశాడు. ఎవరో దొంగ ఆవిడ కీ కోడ్ గాల్లోంచి పట్టేశాడేమో అన్నాడు. ఒకసారి వాడిన కోడ్ ఇంకోసారి చెల్లదనీ, అందుకే ఇప్పటి దొంగలు కోడ్ పట్టుకోరనీ, కీకీ బండికీ మధ్య నడిచే సిగ్నల్ మాటల్నే చిన్న రేడియో పెట్టెలతో దూరానికి మోస్తారనీ డిటెక్టివ్ వివరించాడు. చెబుతూనే ఎక్స్‌రే గదిలోకి వెళ్ళి గోడ మీద వేళ్ళతో కొట్టాడు. లోపలంతా సీసపు రేకు. కొక్కేనికి తగిలించిన బ్యాగులో కీ మాట ఆ గోడ దాటి బయటికి వచ్చే ప్రసక్తే లేదు.

పక్క కొట్టులో టైలర్ అప్పుడే షట్టర్ ఎత్తాడు. సోమవారం నుంచి కొట్టు మూసే ఉందట. వాళ్ళమ్మకి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో ఉంది, గండం గడిచింది. చెబుతున్నంతసేపూ అతను మిషను మీద నుంచి తల ఎత్తలేదు. కారు మాట వచ్చేసరికి పెద్దగా నిట్టూర్చాడు.

"పాపం డాక్టరమ్మ. ఎవరు తీసుకెళ్ళారో గానీ, కీ లేకపోతే మళ్ళీ స్టార్టవదు కదండీ."

డిటెక్టివ్ అతని తల్లి బాగోగులు అడిగాడు, ఏ ఆస్పత్రో కూడా అడిగాడు. తర్వాత డాక్టరమ్మ బల్ల మీదున్న తమ్ముడి కీ తెప్పించుకుని, కొత్త బ్యాటరీ వేసి, అసిస్టెంటు చేతిలో పెట్టి ఏదో చెప్పి పంపాడు. తమ్ముడికి మాత్రం తనే స్వయంగా ఫోన్ చేశాడు. ఏమన్నాడో తెలియదు గానీ, తమ్ముడు వచ్చాడు.

సాయంత్రం అందరూ క్లినిక్ ముందు గదిలో కూర్చున్నారు. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. టైలర్ని కూడా పిలిపించారు. అంతలో అసిస్టెంటు వీధి మలుపు తిరిగి ఆ కారునే తోలుకొచ్చి గుమ్మం ముందు నిలిపాడు. 

డిటెక్టివ్ అసిస్టెంటు దగ్గర కీ తీసుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళాడు. కారు కుయ్ కుయ్‌మని కూసి ఊరుకుంది. లోపల దీపాలు అలాగే వెలుగుతున్నాయి. తిరిగొచ్చి భర్త వైపు తిరిగాడు.

"చూశారా? కీ దూరమైతే బండి అరుస్తుంది, అంతే. నడుస్తున్న బండి నడుస్తూనే ఉంటుంది. కీ కావలసింది స్టార్ట్ చేయడానికే. దారి మధ్యలో ఇంజిన్ ఆగిపోతే ప్రమాదమని అలా తయారుచేశారు. ఇది నిలబడితే బ్యాటరీ మీద చప్పుడు చేయకుండా ఉండే హైబ్రిడ్ బండి కూడాను, నడుస్తోందో లేదో చెవికి తెలియదు. అమ్మా, ఆ రోజు మీరు బండి ఆపాను అన్నారు. బటన్ నొక్కారా?"

డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. "చేతుల్లో డబ్బాలున్నాయి... నిలబెట్టాను. నొక్కలేదు. నేను దిగి వెళ్తే అదే ఆగిపోతుందనుకున్నాను."

"నిలబెట్టినా ఆపాననే అంటాం, ఇంజిన్ కట్టేసినా ఆపాననే అంటాం. అక్కడే అందరం పొరబడ్డాం. నడుస్తున్న బండికి లాక్ కూడా పడదు. ఎవరైనా ఎక్కి తీసుకెళ్ళొచ్చు. కాకపోతే మొదటిసారి ఎక్కడ కట్టేస్తే అక్కడే ఇరుక్కుపోతారు. మీరంతా కీ లేకపోతే కదలదన్నారు. ఒక్క మనిషి మాత్రం మళ్ళీ స్టార్టవదన్నాడు. ఆ మళ్ళీ అన్న మాట అనుభవం మీద వచ్చింది. బండి ఆస్పత్రి వెనక దొరికింది."

టైలర్ లేచి నిలబడ్డాడు.  అమ్మ కొట్టులో కుప్పకూలిందనీ, పేషెంట్లు ఇంకా రాని ఆ వేళ క్లినిక్ తలుపు బాదితే ఎవరూ పలకలేదనీ, వెనక గదిలో పళ్ళు అరగదీసే మిషను మోత తప్ప ఏం వినపడలేదనీ చెప్పాడు. బయట బండిలో దీపాలు వెలుగుతుంటే ఇంకేం ఆలోచించలేదు. అమ్మని దింపి, బండిని ఆస్పత్రి వెనక నిలిపి ఇంజిన్ కట్టేశాడు. ఇచ్చేద్దామని వస్తే స్టార్టవలేదు. మర్నాడు చెబుదామని వచ్చేసరికి క్లినిక్ ముందు పోలీసులున్నారు.

"భయంతో నోరు పెగల్లేదమ్మా. మీ బండి మా అమ్మ ప్రాణం నిలబెట్టింది. నేనేమో మీ తమ్ముడి పరువు తీశాను."

భర్త పళ్ళు కొరికాడు. ముందుగా కదిలింది మాత్రం తమ్ముడు.

"అమ్మ తింటోందా?" అని అడిగాడు టైలర్ని.

టైలర్ తల ఊపాడు.

"మిషను ఆపి ఉంటే నాకు వినపడేది. వినపడితే నేనే తోలేవాణ్ణి. తర్వాతైనా ఒక్క మాట చెప్పాల్సిందన్నా. పూటంతా దొంగలా కూర్చున్నాను."

టైలర్ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. భర్త గొంతు సవరించుకుని, బావమరిది భుజం తట్టి, నాదే తొందర అని గొణిగాడు. ఆ మనిషి నోట ఆపాటి మాట రావడమే గొప్ప. డాక్టరమ్మ డిటెక్టివ్‌కి చేతులెత్తి దణ్ణం పెట్టింది. "నా నెత్తిన పాలు పోశారండీ," అంది. దారి చూపింది ఆమె చెప్పిన మాటేనని ఆయనన్నాడు. అసిస్టెంటు కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

ఆమె కీ తీసుకుని తమ్ముడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. చెయ్యి వదల్లేదు.

"తప్పు నాదిరా. ఆ రోజు బండినీ ఆపలేదు, వెళ్ళిపోతుంటే నిన్నూ ఆపలేదు."

తమ్ముడు గుమ్మం బయటికి చూసి, చాన్నాళ్ళ కిందటి చిన్నవాడిలా నవ్వాడు.

"ఇప్పుడు నన్ను ఆపావు సరే. అది ఇంకా నడుస్తోందక్కా."

డాక్టరమ్మ అతని చెయ్యి పట్టుకునే బయటికి వెళ్ళి, బటన్ నొక్కి, దీపాలు ఆరిపోయేదాకా చూసి మరీ తలుపు వేసింది.