గుండెలోనూ అదే గుంట

సైంటిస్టు శేఖర్‌ను చంపినవాళ్లకు లారీ నడపడం కూడా సరిగ్గా రాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రెండుసార్లు గుద్దితే గానీ పని కాలేదు. అదీ సగమే. అంబులెన్స్‌లో అతను ఫోన్ తీసి, రెండు మాటలు చెప్పి మరీ పోయాడు: "రిపోర్టు మార్చారు. మందు ఆపండి."

ఆ కాల్ నాగోల్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు వచ్చింది. బయట టైల్స్ కంపెనీ బోర్డు, లోపల దేశ రహస్య విభాగం. ఉదయం పదింటికి చీఫ్ రామారావు తన ఏజెంట్ జాస్మిన్‌ను పిలిచాడు.

"క్లుప్తంగా చెప్తానమ్మా," అన్నాడు. క్లుప్తంగా చెప్పడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. "కొత్త టీబీ మందు. టీబీ క్రిమి ప్రోటీన్‌లో ఒక గుంట ఉంటుంది. బైండింగ్ సైట్ అంటారు. మందు వెళ్లి అందులో కూర్చుంటే క్రిమి చస్తుంది. అలాంటి గుంటే మనిషి ప్రోటీన్‌లోనూ ఉంటే?"

"ఆడ గూడ కూసుంటది."

"అదీ! ఆ రెండు ప్రోటీన్లకీ చుట్టరికం ఉండక్కర్లేదు, గుంట ఆకారం కలిస్తే చాలు. శేఖర్ కంప్యూటర్‌లో వేల గుంటలు పోల్చి చూశాడు. ఏదో ఒకటి కలిసింది. విదేశీ ముఠా ఆ రిపోర్టు మాయం చేసి, 'ఏదీ కలవలేదు' అని దొంగది పెట్టింది. పదకొండున్నరకి ఎల్బీనగర్ ట్రయల్ సెంటర్‌లో మొదటి మనిషికి మొదటి మాత్ర. అతను పోయాడంటే మన మందు పని అయిపోయినట్టే. ఇక అందరికీ వాళ్ల మందే గతి."

"ఫోన్ జేసి ఆపొచ్చు గద సార్?"

"చేశాను. డాక్టర్ విజయశ్రీ గారు కాగితం చూపించమంటున్నారు. పైనుంచి ఆర్డర్ రావడానికి మూడు రోజులు పడుతుంది."

"మూడు దినాలకు మాత్ర మింగినాయన దినం జేసి పిట్టకు పెడ్తరు సార్!"

రామారావు ఒక ఫోటో ఇచ్చాడు. సిద్ధిరాములు. ఒకప్పుడు పోచంపల్లిలో మగ్గం నేసేవాడు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో సేల్స్‌మన్. అన్న టీబీతో పోయాడు. ఇంకెవరి అన్నా అలా పోకూడదని ఈ ట్రయల్‌కు పేరిచ్చాడు. ఫోటో కోసం చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. జాస్మిన్ ఫోటో జేబులో పెట్టుకుంది.

ముఠా అడ్డా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. విభాగం తరఫు డబుల్ ఏజెంట్ అక్కడే ఫ్యాకల్టీ; అసలు రిపోర్టు అతని చేత తీయించాలి. జాస్మిన్ బ్యాగు తగిలించుకుని స్టూడెంట్ వేషంలో బయల్దేరింది. విభాగం ఇచ్చిన కెమెరా కళ్లద్దాలకు మెట్ల దగ్గరే చార్జింగ్ అయిపోయింది. కోడ్‌వర్డ్ ఇంకా ఘోరం. "డాట్ నెట్ బ్యాచ్ ఎప్పుడు?" అని అడగాలి, "డాట్ నెట్ పోయింది, ఇప్పుడంతా ఏఐ" అని జవాబు రావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ జవాబు చెప్పనివాడెవడు? మూడో అంతస్తు ఎక్కేలోపే ఇద్దరు చెప్పారు.

మూడోవాడు అసలు మనిషి, నరేష్‌కుమార్. జుట్టుకు జెల్, గదిలో కూడా చలవ కళ్లద్దాలు, వరండా చివరిదాకా సెంటు. రెండు దేశాల జీతం తింటాడు, ఒక్కదానికీ సరిగ్గా పని చెయ్యడు. క్యాబిన్ తలుపు వేసి పిస్తోలు తీశాడు.

"పదకొండున్నర దాకా కూర్చో జాస్మిన్. టీ తాగు."

టీ వచ్చింది. పిస్తోలు పట్టుకున్న మూర్ఖుడికి గొప్పలు చెప్పుకోకపోతే తోచదు.

"రిపోర్టులో ఒక్క వరుస పీకేస్తే లెక్కలు తేడా కొడతాయి. మొత్తం పోలిక మళ్లీ చేయాలి. సైంటిస్టుల్ని పెడితే గుట్టు బయటపడుతుంది. నేనే ఐడియా ఇచ్చా. వీకెండ్ బ్యాచ్‌కి లైవ్ ప్రాజెక్ట్! శేఖర్ రిపోర్టు మోడల్‌గా ఇచ్చి, గుండె ప్రోటీన్ వదిలేసి చెయ్యమన్నాం."

"ఒక్కరు గూడ బయటికి తీస్కపోలే?"

"ఫోన్లు గేటు దగ్గరే. పెన్‌డ్రైవ్‌లు బంద్. అంతా కాగితం మీదే. సాయంత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నాం."

"లంచ్‌కు వొదిలిన్రా?"

"వదలకపోతే ఎలా?"

జాస్మిన్‌కు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే వేడి టీ అతని మొహాన కొట్టింది. చెయ్యి మెలిపెట్టి, పిస్తోలు లాక్కుని, బేడీ వేసి కిటికీ ఊచకు తగిలించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెటీరియల్ అయినా లంచ్ బ్రేక్‌లో జిరాక్స్ షాపుకు పోతుంది. అక్కడ చదువుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి అది. కోట్లు పోసి వచ్చిన విదేశీ వెధవలకు మాత్రం తెలియదు.

కింద యాదలక్ష్మి జిరాక్స్ షాపు.

"అక్కా, ప్రోటీన్ లైవ్ ప్రాజెక్టు ఉన్నదా? వీకెండ్ బ్యాచ్‌ది."

"మోడల్‌తోనా, మోడల్ లేకుండనా?"

"మోడల్‌తో!"

"స్పైరల్ ఏసి పెట్టిన, తీస్కో. గింత పరేషాన్ ఏంది బిడ్డా, ఇయ్యాలనే పరీక్షనా?"

మెట్రోలో మూడు స్టేషన్లు. ఎల్బీనగర్‌లో దిగి పరుగెత్తింది. ట్రయల్ గదిలోకి దూసుకెళ్లి గుర్తింపు కార్డు చూపించింది. సిద్ధిరాములు అరచేతిలో మాత్ర ఉంది. డాక్టర్ విజయశ్రీ పుస్తకం తీసుకుని ముఖం చిట్లించింది.

"ఇది జిరాక్స్ కదా. ఒరిజినల్ ఏది?"

"ఒరిజినల్ రాసినాయన మార్చురీల ఉన్నడు! పన్నెండో పేజీ బొమ్మ సూడుండ్రి మేడం!"

టీబీ గుంట మీద గుండె ప్రోటీన్ గుంటను పరిచిన బొమ్మ. అంచుకు అంచు కూర్చుంది. కింద శేఖర్ రాత: 'గుండె ఆగుతుంది. ఇవ్వొద్దు.' డాక్టర్ మొహం పాలిపోయింది. ఈ కాగితాల గోల తనకెందుకని సిద్ధిరాములు అప్పటికే మాత్ర నోట్లో వేసుకుని గ్లాసు ఎత్తాడు.

"ఉమ్మెయ్ అన్నా!" జాస్మిన్ అతని దవడలు పట్టేసింది. మాత్ర నేల మీద పడింది. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

ముఠా నాయకుణ్ని మూసారాంబాగ్ దగ్గర పోలీసులు పట్టుకున్నారు. తమ సర్వర్‌ను హ్యాక్ చేసిన మేధావి ఎవరని అడిగాడట.

సిద్ధిరాములు సంగతంతా విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "అయితే గీ రోగానికి మందే రాదా మేడం?"

"వస్తుంది," అంది విజయశ్రీ. "రెండు గుంటల్లో తేడా ఎక్కడుందో చూసి మందు మారుస్తాం. ఏడాది పట్టొచ్చు."

"గప్పుడు గూడ ఫస్ట్ నన్నే పిలువుండ్రి."

జాస్మిన్ అతని పక్కన కూర్చుంది. "ఏమన్న కావాల్నా అన్నా?"

"నా పానం కాపాడినవు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. గని రాత్రిసంది ఉపాసం ఉంచిన్రు. గా పానం ఇట్లనే నిలవాల్నంటే జర నాలుగు ఇడ్లీలు తెప్పియ్యి."