అబిగయీలు చదివి చెప్పిన సినిమా

శనివారం పొద్దున రూఫస్ ఇసకపల్లి వైపు రొయ్యల గుంటల దగ్గర పని ముగించుకుని ఇల్లు చేరేసరికి వంటింట్లోంచి కారం దోసెల వాసన ఘాటుగా వస్తోంది. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు బాగుచేయడం అతని పని. అల్లూరు చుట్టుపక్కల రొయ్యలు వేసిన ప్రతి రైతు ఫోన్‌లోనూ అతని నంబరు ఉంటుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే కూతురు అబిగయీలు తువ్వాలు అందించింది. నెల్లూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. సెలవు రోజున తండ్రి పక్కన కూర్చుని తినడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

రెండో దోసె పళ్ళెంలో పడిందో లేదో, వాకిట్లో బండి ఆగింది. వచ్చింది రూఫస్ భార్య కరుణాకుమారి అన్న క్రీస్తురాజు. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే వందనాలు చెప్పి మేనకోడల్ని పలకరించే మనిషి ఆరోజు ఎవర్నీ పలకరించలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెల్లెలు దోసె పెట్టబోతే వద్దన్నాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. మొన్న నెల్లూరులో పనిబడి తిరుగుతుంటే ఒక హాలు ముందు గుంపు కనబడింది. కాలేజీ పిల్లలందరూ కలిసి ఏదో విదేశీ సినిమా వేసుకున్నారట. గేటు మీద బొమ్మ చూస్తే ఇద్దరు ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించుకుని ఉన్నారు. సినిమా దేని గురించని అక్కడున్న వాళ్ళని అడిగితే, ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లని ప్రేమించే కథ అన్నారు. లోపల్నుంచి మన అబిగయీలు బయటికి వచ్చింది. ఎవరో పిల్ల చేయి పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఏడ్చిన కళ్ళతో ఉన్నారు.

"ఆ చేయి పట్టుకోవడం నేను చూసినాను కరుణా. స్నేహితులు పట్టుకున్నట్టు లేదు" అన్నాడు క్రీస్తురాజు.

కరుణాకుమారి స్టవ్ ఆపేసింది. పెనం మీద దోసె అట్లాగే ఉండిపోయింది. సంఘంలో తన భర్త పెద్ద, తను ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పే మనిషి. నలుగురికీ తెలిస్తే ఎట్లా తల ఎత్తుకోవాలని కూతురి వైపు తిరిగి అడిగింది. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడిగింది. క్రీస్తురాజు తన ఆలోచన కూడా చెప్పాడు. సోమవారం నుంచి కాలేజీ మాన్పించాలి, ఫోన్ తీసేసుకోవాలి. కావలిలో తనకు తెలిసిన మంచి కుటుంబం ఉంది, పిల్లాడు ఉద్యోగస్తుడు, మాట్లాడమంటే ఈ వారంలోనే మాట్లాడతాడు.

రూఫస్ కూతురి వైపు చూశాడు.

"సినిమాకు పోయిన మాట నిజమే మామా" అంది అబిగయీలు. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మీరు ఆ సినిమా చూడండి. చూసి తిట్టండి. అప్పుడు కూడా కాలేజీ మానమంటే మానేస్తాను. చూడకుండా మాత్రం తిట్టొద్దు."

అట్లాంటివి చూడాల్సిన ఖర్మ ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదని కరుణాకుమారి గట్టిగా అంది. క్రీస్తురాజు తల ఊపాడు. రూఫస్ మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్ళ పనిలో ఏ మోటారునీ విప్పి చూడకుండా కాలిపోయిందని చెప్పలేదు అతను. కన్నకూతురి విషయంలో చెప్పడానికి నోరు రాలేదు.

"నువ్వు ఇంటికి పో బావా. చూసినాక నేనే ఫోన్ చేస్తా" అన్నాడు.

క్రీస్తురాజు ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. కరుణాకుమారి చేట నిండా రొయ్యలు ముందేసుకుని వంటింట్లో కూర్చుంది. హాల్లోకి రానని ముందే చెప్పేసింది.

అబిగయీలు ఫోన్‌ని టీవీకి కలిపింది. సినిమా ఏదో చలి దేశానిది. వాళ్ళ భాష అబిగయీలుకు కూడా రాదు. కింద ఇంగ్లీషులో మాటలు వస్తున్నాయి. రూఫస్‌కు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ, రెండు మాటలు కూడబలుక్కునేలోగా ఆ వరస మారిపోతోంది. అది చూసి అబిగయీలు తండ్రి పక్కన కింద కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

మొదట్లో రూఫస్‌కు ఆశ్చర్యమంతా ఆ ఊరిదే. అదీ సముద్రం ఒడ్డు పల్లెటూరే. కానీ సముద్రం మీద మంచు పడుతోంది. తెల్లటి పింజలు నీళ్ళ మీద వాలి చప్పుడు లేకుండా మాయమవుతున్నాయి. పడవలు మంచు కప్పుకుని నిద్రపోతున్నట్టున్నాయి. పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కన బతికినవాడు, సముద్రం ఇట్లా కూడా ఉంటుందని అతనికి తెలియదు. "నిజంగానే అట్లా పడతాదా?" అని అడిగాడు. పడుతుందని అబిగయీలు చెప్పింది. కాసేపు ఇద్దరూ అసలు సంగతే మరిచిపోయారు.

కథలో పిల్లకు పదహారేళ్ళు ఉంటాయి. తల్లి చేపల దుకాణంలో పని చేస్తుంది. ఆ ఊరికి కొత్తగా ఒక కుటుంబం వస్తుంది, వాళ్ళింట్లోనూ అదే ఈడు పిల్ల. ఇద్దరూ ఒకే సైకిల్ మీద బడికి పోతారు, ఒకే రొట్టె తుంచుకుని తింటారు. పాటల్లేవు, కొట్లాటల్లేవు. చాలాసేపు ఎవరూ మాట్లాడరు కూడా. ఆ పిల్ల ముఖాన్ని అట్లాగే చూపిస్తుంటారు. రూఫస్ మొదట విసుక్కున్నాడు. ఆ తర్వాత తనకు తెలియకుండానే కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు. ఒక మనిషి ముఖాన్ని అంతసేపు అతనెప్పుడూ చూడలేదు. ఇంట్లో వాళ్ళ ముఖాలు కూడా.

సైకిల్ మీద ముందు కూర్చున్న స్నేహితురాలి జడ గాలికి ఎగిరి వెనక పిల్ల చెంపకు తగిలింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. అంతే, ఇంకేమీ జరగలేదు. ఆ ముఖంలో ఉన్నదేమిటో రూఫస్‌కు తెలుసు. పెళ్ళికి ముందు అల్లూరు చర్చిలో కరుణాకుమారి పాటల గుంపులో నిలబడి పాడుతుంటే, వెనక వరసలో ఉన్న అతను పాట మాటలన్నీ మరిచిపోయి నోరు మాత్రం కదిపేవాడు. దేవుడు తన గుండెలోనే పెట్టాడనుకున్నది, ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక ఆడపిల్ల ముఖం మీద, మరో ఆడపిల్ల కోసం, అచ్చంగా అట్లాగే ఉంది. అది చెడ్డదైతే చెడ్డగా కనబడాలి కదా అనుకున్నాడు. కనబడలేదు.

వంటింట్లో చేట చప్పుడు ఆగి చాలాసేపయింది.

అబిగయీలు చెబుతూనే ఉంది. ఆ పిల్ల నవ్వుతూ అన్న మాటలు ఆమె గొంతులోంచి నవ్వుతూ వస్తున్నాయి. భయపడుతూ అన్నవి భయంగా వస్తున్నాయి. రానురాను టీవీలో పిల్ల గొంతు రూఫస్‌కు వినబడడం మానేసింది. పక్కనున్న కూతురి గొంతే వినబడుతోంది.

అప్పుడు వచ్చింది ఆ ఘట్టం. ఊళ్ళో ఎవరో ఏదో అన్నారు. పిల్ల ఇంటికి వచ్చింది. తల్లి బల్ల ముందు కూర్చుని చేపల పొలుసు గీకుతోంది. పిల్ల తడిసిన కోటు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. టీవీలో మాటలు పోతున్నాయి. అబిగయీలు చెప్పడం ఆపేసింది.

"ఆ పిల్ల ఏమంటోంది?" అని అడిగాడు రూఫస్.

అబిగయీలు తల వంచుకుంది. చాలా నెమ్మదిగా చెప్పింది. "అందరు ఆడపిల్లలకీ అబ్బాయిల మీద ఏదో ఉంటుందంట. అది నాకు రాలేదు, నేను ఎంత ప్రయత్నం చేసినా రాలేదు అంటోంది. నేను చెడిపోలేదు నాన్నా, నేను మొదట్నుంచీ ఇట్లాగే ఉన్నాను అంటోంది."

టీవీలో ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నది తల్లి. ఆ సినిమాలో తండ్రి లేనే లేడు.

కూతురి వైపు తిరిగితే ఆ పిల్ల లేచి పారిపోతుందేమోనని రూఫస్‌కు భయం వేసింది. తిరగకుండా టీవీ వైపే చూస్తూ, "మరి వాళ్ళమ్మ ఏమంది?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు. చూడండి."

తల్లి కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. లేచి తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయింది. పిల్ల ఒక్కతే బల్ల ముందు మిగిలింది.

"అదేం తల్లి?" అన్న మాట వెనక నుంచి వచ్చింది. "బిడ్డ అంత భయపడి చెప్పుకుంటే అట్లా లేచి పోతుందా? ఒక్క మాటైనా చెప్పి పోకూడదా?"

ఇద్దరూ తిరిగి చూశారు. వంటింటి గుమ్మానికి ఆనుకుని కరుణాకుమారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరికీ తెలియదు. చేతులకు రొయ్యల నీళ్ళు ఆరిపోయి ఉన్నాయి. తనేం అందో ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. పొద్దున తను అడిగిన మాటలన్నీ ఆ హాల్లోనే ఇంకా ఉన్నట్టు చుట్టూ చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి కూతురికి అటువైపు కింద కూలబడింది. ఆమెను తాకలేదు. "పెట్టు, మిగిలింది కూడా చూద్దాం" అంది.

మిగిలిన సినిమా అబిగయీలు చెబుతుంటే వింటూ కూర్చున్నారు. కరుణాకుమారి పైట చెంగుతో రెండుమూడు సార్లు కళ్ళు తుడుచుకుంది. చివర్లో ఆ పిల్ల పడవల రేవులో ఒక్కతే నిలబడింది. తెల్లారుతోంది. ముఖం మీద వెలుగు నిదానంగా పడుతోంది. దూరంగా ఎవరో నడిచి వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. పిల్ల తల తిప్పింది. సినిమా అయిపోయింది.

"వచ్చింది వాళ్ళమ్మేనా?" అంది కరుణాకుమారి.

"చూపించలేదు అమ్మా."

"ఇదేం సినిమా? ఆ బిడ్డ ఏమైపోయిందో చెప్పకుండా ఆపేస్తే ఎట్లా?" ఆమె గొంతులో కోపం నిజమైనదే. ఆ కోపంలోనే చేయి చాపి కూతురి తలను దగ్గరికి లాక్కుంది. అబిగయీలు తల్లి భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. తల్లీ ఏడ్చింది. నాకు భయంగా ఉంది అబీ, ఊరంటే భయం, మీ మామ అంటే భయం, ప్రార్థనలో దేవుణ్ణి ఏమడగాలో కూడా తెలియడం లేదు అని చెప్పుకుంది. అబిగయీలు తనకూ భయమేనంది.

రూఫస్ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు మధ్యాహ్నం ఎండ మండుతోంది. సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి వీస్తోంది. ఈ ఊరి పేరు కూడా వినని మనుషులెవరో, అంత దూరాన కూర్చుని, తన ఇంట్లో పెరిగిన బిడ్డ మనసులో ఉన్నదాన్ని ఎట్లా తెలుసుకున్నారో అతనికి అంతుబట్టలేదు. అంతకంటే పెద్ద వింత ఇంకొకటి. పద్దెనిమిదేళ్ళుగా పక్కన కూర్చుని దోసెలు తిన్న పిల్లలో ఇంత పెద్ద లోకం ఉందని, దాన్ని ఒక్కతే మోసుకుంటూ రోజూ బస్సెక్కి పోయి వస్తోందని తనకు తెలియకపోవడం.

క్రీస్తురాజు ఆగలేక తనే ఫోన్ చేశాడు. చూశావా, ఏముంది అందులో అని అడిగాడు.

"ఒక పిల్ల ఉంది బావా. ఇంట్లోవాళ్ళకి భయపడే పిల్ల" అన్నాడు రూఫస్. "కావలి వాళ్ళతో ఏం మాట్లాడొద్దు. సోమవారం మా అబీ కాలేజీకి పోతాది" అన్నాడు. అవతల నుంచి చాలా మాటలు వచ్చాయి, సంఘం ముందు ఏం జవాబు చెబుతావన్నది కూడా వచ్చింది. అన్నీ విన్నాడు. అడిగిన రోజు నిలబడి చెబుతానని ఫోన్ పెట్టేశాడు.

లోపలికి వచ్చేసరికి తల్లీకూతుళ్ళు ఇంకా అట్లాగే కూర్చుని ఉన్నారు. రూఫస్ వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నాకు ఇదంతా అర్థమైందని చెప్పను తల్లీ" అన్నాడు. "మెల్లగా తెలుసుకుంటా. నువ్వే చెప్పాల."

అబిగయీలు తల ఊపింది.

"ఆ పిల్ల పేరేంది?" అని అడిగాడు.

"సినిమాలో పిల్లదా?"

"కాదు."

అబిగయీలు తండ్రి ముఖంలోకి చూసింది. సరిగ్గానే విన్నానా అన్నట్టు తల్లి ముఖంలోకి కూడా చూసింది. కరుణాకుమారి కళ్ళు దించుకుంది గానీ, కూతురి చేయి వదల్లేదు.

"దుర్గ" అంది అబిగయీలు. "వాళ్ళది వాకాడు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న చేపల వేటకు పోతాడు."

ఆ పేరు బయటికి పలకడంతోనే ఆ పిల్ల ముఖం మారిపోయింది. రూఫస్ కళ్ళు తిప్పుకోలేదు. సినిమాలో ఆ మనుషులు చూపించినట్టే, తొందరపడకుండా, ఆ ముఖాన్ని అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.